వార్తల్లో పరుగెత్తిన మనిషి

మా పెద్దమ్మ డాన్సు టీచరు. ముందుగదిలో కుర్చీలన్నీ గోడకు జరిపి వీధి పిల్లలకు అడుగులు నేర్పుతుంది. మోకాలు అరిగినప్పటినుంచి ఎక్కువగా కూర్చునే కేకలేస్తోంది. "ఊళ్ళో పిల్లలందర్నీ ఆడించావు. నువ్వెప్పుడాడతావు?" అని పెదనాన్న దెప్పేవాడు. ఆయన ఒక వార్తా చానల్లో ఎడిటరు.

ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో, ఒకనాడు ఆయన పక్కన కూర్చుని అల్లర్ల దృశ్యాలు వెయ్యమంది. ఒక్కొక్క మనిషి కదలికనే పట్టిపట్టి చూసింది. రాయి విసిరే చెయ్యి, లాఠీకి అడ్డుపెట్టిన మోచెయ్యి. వాటిని ఒంటబట్టించుకుని ఆడింది. ఆ వార్తల పక్కనే ఆమె ఆటను అతికించి పెదనాన్న వీడియో చేశాడు. ఒక గ్యాలరీ వాళ్ళు ప్రదర్శిస్తామన్నారు. పిల్లల టీచరుగా కాక, తన ఆటతో పెద్దమ్మ నలుగురిలోకి వెళ్ళడం అదే మొదలు.

అందులో అందరికీ నచ్చిన ముక్క ఒకటుంది. కాలుతున్న వీధిలో ఒకావిడ చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుతూ వెనక్కి తిరుగుతుంది. దృశ్యం అక్కడితో సరి. పెద్దమ్మ కూడా అక్కడే మెడ తిప్పి, చెయ్యి చాచి, శిలలా నిలబడిపోయేది.

ప్రదర్శనకు వేసుకెళ్ళే బట్టల కొలతలు సరిచూడటానికి దర్జీ ఆవిడ వచ్చినప్పుడు ఆ ముక్కే తెరమీద నడుస్తోంది. ఆవిడ నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. మళ్ళీ వెయ్యమంది. చూసి, "అది నేనేనండీ," అంది.

టీవీలో అది వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేదట. అందుకే ఊరు మారిందట. ఆ ముక్క తీసేస్తానని పెద్దమ్మ వెంటనే అంది.

"ఉంచండి టీచరుగారూ. కానీ నేనక్కడ ఆగలేదు. కెమెరా ఆగింది."

తర్వాత ఏమైందో మాత్రం అడగొద్దంది.

మర్నాడు మళ్ళీ చిత్రీకరించారు. దర్జీ ఆవిడ పిలవకుండానే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తెర నల్లబడ్డాక పెద్దమ్మ ఈసారి ఆగలేదు. వెనక్కి నడిచింది. పడిపోయిన ఎవరినో లేపుతున్నట్టు వంగింది.

"వెనక్కి వెళ్ళలేదమ్మా," అంది ఆవిడ మెల్లగా. "పిలుస్తూనే ఉన్నాడు. నేను వెళ్ళలేదు."

పెద్దమ్మ వంగినచోటే ఉండిపోయింది. ఎవరు పిలిచారని ఎవరం అడగలేదు. కాసేపటికి లేచి, ఇంకోసారి వెయ్యమని పెదనాన్నకు సైగ చేసింది. ఈసారి ఒక్కసారి తిరిగి చూసి, ముందుకే పరుగెత్తింది. మోకాలు పట్టేసినా కుంటుతూ వెళ్ళి అవతలి గోడకు గుద్దుకుంది.

గ్యాలరీకి దాన్నే పంపమని దర్జీ ఆవిడే అంది.

గ్యాలరీలో చూసినవాళ్ళు ఆ ముక్క దగ్గర ఆటలో అందం పోయిందన్నారు. దర్జీ ఆవిడ చూడటానికి రాలేదు. పెద్దమ్మ కబురు పెట్టినా మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.