చిక్కుడు పాదుకి పూత మందు

"నువ్వు ముట్టుకున్నావు కాబట్టే పాదు ఇలా ముడుచుకుపోయింది" అన్నాను.

"ఎప్పుడు ముట్టుకున్నానండీ? ఆ మూడు రోజులూ పెరటి గడప దాటలేదు. మీరే కదా కాపలా కూర్చున్నారు" అంది కోడలు.

"నాలుగో రోజు తలంటు పోసుకోకుండానే నీళ్లు పోసి ఉంటావు. ఆకుకి చెయ్యి తగిలి ఉంటుంది."

"నా చెయ్యి తగిలితే మొక్కలు చచ్చేట్టయితే, తోటలో వయ్యారిభామనంతా ఒకసారి నిమిరి వచ్చేదాన్ని అత్తయ్యా. మీకు కలుపు కూలి మిగిలేది."

నాకు నవ్వు రాలేదు. నెలసరిలో ఉన్న ఆడది తాకితే తీగ మాడిపోతుందని మా అమ్మ చెప్పేది. ఇంకో కారణం నాకు తోచలేదు కూడా.

"సరే. ఇక మీ పెరట్లో కాలు పెట్టను. మీ పాదు మీరే చూసుకోండి" అని బిందె అక్కడే దించి లోపలికి వెళ్లిపోయింది. నా మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి మొక్కలకి నీళ్లు మోసేది ఆమే.

ఆ చిక్కుడు ఆషాఢంలో పెట్టాను. గుంటకి మూడు గింజలు, గుప్పెడు బూడిద. తోటలో కొట్టేసిన మామిడి కొమ్మలు గుంజలుగా పాతి, కాయల బుట్టలకి కట్టిన పురికొస విప్పి దాచింది ఉంటే దాంతోనే పందిరి అల్లాను. కొన్నది ఏమీ లేదు. భాద్రపదానికి తీగ నా తల దాటింది. కొస గాలికి ఊగుతుంటే పాత చీర పేలికతో వదులుగా కట్టేదాన్ని. బిగిస్తే తెగుతుంది. అలాంటిది ఉన్నట్టుండి ఆగిపోయింది. కొత్త ఆకులు రూపాయి బిళ్లంతే వస్తున్నాయి. కణుపు మీద కణుపు. పురుగూ లేదు, తెగులూ లేదు.

సాయంత్రం మా అబ్బాయి నూజివీడు నుంచి వస్తే పాదు చూపించాను, కోడలి మీద చెప్పడానికే. వాడు కొస పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మా, దీనికి ఏం పోశావు?"

"ఏం పోస్తాను? పేడ నీళ్లు. మొన్న మామిడికి మీరు పూత మందు పోశారు కదా, ఆ డ్రమ్ము కడిగిన నీళ్లు రెండు బకెట్లు. పారబొయ్యడం దేనికని."

"పూత మందు చిక్కుడుకి పోశావా?"

"మామిడికి పూత తెచ్చేది చిక్కుడుకి తేదా?"

వాడు నుదురు కొట్టుకున్నాడు. "అది పూత తేదమ్మా. చెట్టుని ఎదగకుండా ఆపుతుంది. కొమ్మ సాగడం ఆగితే మామిడి పూతకి తిరుగుతుంది, అందుకని ఆ పేరు. తీగకి పోస్తే తీగ అక్కడే ఆగిపోతుంది. కాసినా తినకూడదు. మట్టిలో ఆ మందు చాన్నాళ్లు ఉండిపోతుంది, ఈ గుంటలో ఇప్పట్లో ఇంకోటి పెట్టకు."

నేను మూడో తరగతితో బడి మానేశాను. డబ్బా మీద రాసింది చదవలేను గానీ, పూత మందు అంటే చదవాల్సిందేముంది, పేరులోనే ఉంది కదా అనుకున్నాను. మామిడి తోటల మధ్య పుట్టి, మామిడి తోట ఉన్న ఇంట్లోకే వచ్చి, ఆ మందు ఏం చేస్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. పెరటి అరుగు మీద కూర్చున్నాను. నా చేత్తో కడిగి, నా చేత్తో పోసి, ఇంకొకరి చెయ్యి మంచిది కాదన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కోడలు విన్నది. బయటికొచ్చి నాలుగు మాటలు అంటుందని చూశాను. రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె పాలు కాస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. "పాదుని చంపింది నేను. నింద నీ మీద వేశాను. తప్పు నాది."

ఆమె పాల వైపే చూస్తూ "విన్నానండి" అంది. పొంగు వచ్చేదాకా నిలబడ్డాను.

పెరట్లోకి వెళ్లి పాదు పీకేశాను. ఆ గుంటలో మట్టి నాలుగు తట్టలు తవ్వి తీశాను. ఆమె గడప దగ్గరికి వచ్చి, వంగి, కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టింది. పెరట్లోకి దిగలేదు.