నేను బిగించిన బ్రేకులు

లారీని పాత ఇనుము కింద అమ్మేయాలని మా బావ తీర్పు చెప్పేశాడు. ఆదివారం గూడూరు నుంచి కొనే మనిషిని తీసుకొస్తానన్నాడు. ఆయన తమ్ముడు, అంటే నా పెనిమిటి, విరిగిన కాలికి పుత్తూరు కట్టు వేయించుకుని మంచం మీద పడుకుని "సరే అన్నా" అన్నాడు. ఆ "సరే" వింటే నాకు ఒళ్ళు మండిపోయింది.

యుద్ధంలో తిరిగిన మిలిటరీ లారీ అది. వాకాడు పక్క పల్లెల్లో ఉప్పుచేపలు ఎత్తి గూడూరు స్టేషనుకు తోలేవాళ్ళం. తట్టల్లోంచి కారే ఉప్పునీళ్ళకు వెనక బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మా ఆయనే వెనక రెండు చక్రాలూ ఊడదీసి, వాటి బ్రేకు డ్రమ్ములు లాగి, లోపలి సామానంతా ఒక గంపలో వేశాడు. అంతలో జాకీ జారి లారీ ఆయన కాలి మీదికి దిగింది. పదిమంది కూడి లారీని ఎత్తి దిమ్మెల మీద నిలబెట్టారు. కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక, లారీ కంటపడకుండా మంచాన్ని గోడవైపు తిప్పించుకున్నాడు.

లారీ పోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో బావ చేతికింద బతికినవాళ్ళం. ఉప్పుకీ పప్పుకీ చెయ్యి చాపాలి, చాపినప్పుడల్లా ఒక మాట పడాలి. లారీ వచ్చాకే వేరుపడ్డాం. మళ్ళీ ఆ వంటింట్లోకి చచ్చినా పోను. మనసులో అనుకుని ఊరుకోలేదు, పైకే అన్నాను.

"బ్రేకులు నేను బిగిస్తా."

"నీకేం తెలుసు?" అన్నాడాయన, గోడకేసి చూస్తూనే.

"మీకు తెలుసు గదా. కాలే గదా విరిగింది, నోరు బాగానే ఉంది. చెప్పండి."

కొంగు నడుముకు దోపి, గంప ముందేసుకుని లారీ కింద కూర్చున్నాను. బ్రేకు సిలిండరు కడుగుదామని కిరసనాయిలు సీసా మూత తీశానో లేదో, మంచం మీంచి కేక వినబడింది.

"కిరసనాయిలు తగలనీయొద్దు! రబ్బరు ఉబ్బిపోద్ది. బ్రేకు ఆయిలుతోనే కడుగు!"

అంత దూరానికి వాసన పట్టాడు. మనిషిలో ఇంకా డ్రైవరు బతికే ఉన్నాడని నాకు భలే సంతోషమైంది.

డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని ఆపే వంపు రేకులే షూలు, ఒక్కో చక్రానికి రెండు, ముందొకటి వెనకొకటి. ఒకదాని మీది లైనింగు పట్టీ పొట్టి, ఇంకోదానిది పొడుగు. "పొట్టిది ఎడంపక్కన పెట్టు" అన్నాడు. పెట్టాను. అవతలి చక్రానికీ అట్లాగే ఎడంపక్కనే పెట్టి, పనైపోయిందని గొప్పగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. ఆ చక్రానికి కుడిపక్కన రావాలట. "కుడి ఎవరికి? నాకా, మీకా, లారీకా?" అని నేను. ఇంక పోట్లాటే. చెబితే అర్థం కాదని ఆయన, చెప్పడం చేతకాదని నేను.

అసలు మా ఇళ్ళల్లో ఎడమా కుడీ అని ఎవరంటారు? "పడమటి గిన్నె అందుకో" అంటాం, "కాస్త తూర్పుకు జరుగు" అంటాం. లారీ మొహం ఉత్తరానికి ఉంది. పొట్టి షూ ముందుండాలంటే అది ఉత్తరపు షూ, పొడుగుది దక్షిణపు షూ. రెండు చక్రాలకూ అంతే. ఆ మాట మొదట్లోనే చెప్పి ఉంటే మధ్యాహ్నమంతా ఆదా అయ్యేది. విప్పి మళ్ళీ బిగించాను.

షూలను పట్టి ఉంచే స్ప్రింగులు నన్ను ఏడిపించాయి. వేళ్ళతో లాగితే రావు, స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఎగిరిపోతాయి. ఒకటి ఎగిరొచ్చి గడ్డం చీల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, నేనేం దాచుకోను. చివరికి నులకతాడు కొక్కేనికి తగిలించి, కాలు తన్నిపెట్టి లాగితే బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి.

డ్రమ్ములూ చక్రాలూ ఎక్కించాక, ఇక బ్రేకు ఆయిలు పారే గొట్టాల్లో గాలి తీయాలి. పైన ఒకరు పెడలు తొక్కుతుంటే, కింద ఒకరు నట్టు వదులు చేసి గాలిని బయటికి పోనివ్వాలి. రెండో మనిషి ఎవరు? పెద్దకొడుక్కి ఎదురు తిరిగానని మా అత్త నాతో మాటలు మానేసి ఉంది. ఏమనుకుందో ఏమో, తనే వచ్చి క్యాబిన్ ఎక్కి కూర్చుంది. తొక్కమంటే తొక్కింది, వదలమంటే వదిలింది, మధ్యమధ్యలో నన్ను తిట్టడం మాత్రం ఆపలేదు. నట్టు దగ్గర బుడగలు పోయి ఉత్త ఆయిలు కారేదాకా ఇద్దరం వదల్లేదు.

ఆదివారం బావ గూడూరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బావ ఎదుట నిలబడి మాట్లాడటం అప్పట్లో మా ఇళ్ళల్లో లేదు. నిలబడ్డాను.

"బ్రేకులు పడతాయి బావా. తోలడం మీకూ వచ్చు గదా, తోలి చూడండి."

బావ నన్ను దాటేసి తమ్ముడి వైపు తిరిగి, "ఆడమనిషి బిగించిన బ్రేకంట్రా! రేపు దోవలో ఎవురన్నా అడ్డమొస్తే ఎవురు పూచీ?" అని నవ్వాడు.

మా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత మెల్లిగా మోచేతుల మీద లేచాడు.

"నా మంచం తీసకపోయి దోవలో వెయ్యండి."

అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది నన్ను. ప్రతి నట్టూ కళ్ళముందు తిరిగింది. వద్దని నోటిదాకా వచ్చింది, కానీ వద్దంటే నా పనిని నేనే నమ్మనట్టు. నేనూ అత్తా ఒక పక్క, బావా గూడూరు మనిషీ ఒక పక్క పట్టుకుని మంచాన్ని మట్టిదోవ మధ్యలో దించాం. బావ మొహంలో నవ్వు పోయింది. అందరి ముందూ వెనక్కి తగ్గలేక లారీ ఎక్కాడు.

దూరంగా తీసుకుపోయి తిప్పుకుని వచ్చాడు. బ్రేకు తొక్కాడు. దుమ్ము లేచింది. మంచానికి చాలా ఇవతలే లారీ ఆగింది.

"ఏందన్నా, బర్రె నడిచినట్టు వచ్చినావు! వెనక్కి పోయి గట్టిగా రా!" అని మంచం మీంచి అరిచాడు ఆయన.

"నావల్ల కాదురా" అని బావ చెమట తుడుచుకుంటూ దిగాడు. గూడూరు మనిషి ఇది ఇనుము కాదు, నడిచే బండి అని తనదోవన తాను పోయాడు. నేను చీర మీది దుమ్ము దులుపుకుని బావ ఎదుటికి వెళ్ళాను.

"రేపు పొద్దున్నే చేపల లోడుంది బావా. ఆయన కాలు అతుక్కునేదాకా మీరే తోలండి. కూలి ఇస్తాం."