అడగకముందే అన్న హాజర్

ఆ ఆదివారం మేడమీది ప్రార్థన హాలులో ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి: పెద్దవాళ్లు ముప్పై నలుగురు. పిల్లలు పదకొండు మంది, అందులో ఇద్దరు నిద్రలో. చాపలు తొమ్మిది, నేను పరిచినవే. మోకాళ్లు పట్టేసినవాళ్ల కోసం ప్లాస్టిక్ కుర్చీలు ఆరు. ఒక డోలక్, ఒక కీబోర్డు, గరగరమనే ఒక స్పీకరు. కింది ఇనుప సామాన్ల దుకాణం నుంచి పైకి వచ్చే తుప్పు వాసన. వెనక గోడకు ఆనుకుని మా బాపు, అంటే మా నాన్న. ముందు వరుసలో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో నేను. నా జేబులో నాలుగు మడతల కాగితం.

ఆ కాగితంలో నేను చెప్పబోయే సాక్ష్యం ఉంది. ఏడు అంశాలు, ప్రతిదానికీ అంకె. ఆ రోజు మా సంఘం నుంచి ఒకరిని రెండేళ్ల వాక్య శిక్షణకు హైదరాబాదు పంపుతున్నట్టు ప్రకటిస్తారు. ఆ ఒకరు నేనేనని నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు, కానీ నా దగ్గర ఆధారాలున్నాయి. మూడేళ్లుగా చాపలు పరిచింది నేను. స్పీకరు విప్పి బాగుచేసింది నేను. నాందేడ్‌లో మావాళ్లంతా మరాఠీ బడుల్లో చదివినవాళ్లు. తెలుగు అక్షరాలు తడుముకోకుండా చదవగలిగేది ఇద్దరమే, ఆ రెండోవాడు సంఘ పెద్ద, మేమంతా పెద్దయ్య అంటాం. ఇవన్నీ ఒక పట్టికగా రాసి, ఎదురుగా టిక్కులు పెట్టుకున్నాను. సివిల్ డిప్లొమా చేసి, కాంక్రీటు పరీక్షల ల్యాబులో పనిచేసేవాడు దేవుని పిలుపును కూడా అలాగే తనిఖీ చేస్తాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లు ధర్మాబాద్ వైపు సరిహద్దు ఊళ్ల కూలీలు. కాలువ పనిలో పొద్దున్నే ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, పేర్లు పిలిచేవాడట. పేరు వినగానే "హాజర్" అనాలి. ఏం పని, ఎక్కడ, ఎంత లోతు అని ముందుగా అడిగినవాడి పేరు కొట్టేసేవాడు. హాజర్ అన్న తరువాతే పార ఎటు తీసుకుపోవాలో చెప్పేవాడు. ఆ మనుషులు దేవుని పిలుపును కూడా ఆ దారిలోనే అర్థం చేసుకున్నారు. మా దగ్గర ఎవరికైనా సేవ అప్పగించాలంటే పెద్దయ్య పేరు పిలుస్తాడు. పిలిపించుకున్నవాడు లేచి హాజర్ అంటాడు. పనేమిటో ఆ తరువాత వింటాడు. ఇష్టం లేకపోతే లేవకుండా ఉండవచ్చు, ఎవరూ ఏమీ అనరు. లేచి హాజర్ అన్నవాడు మాత్రం మాట వెనక్కి తీసుకోడు.

పెద్దయ్య నా పేరు సగం పలికాడో లేదో, నేను లేచి హాజర్ అన్నాను.

"అరే, జర పూర పిలువనియ్యిరా," అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి జేబు మీదికి పోయింది.

"ధర్మాబాద్ దిక్కు కర్ఖేలిల మన ముసలోళ్లు ఉన్నరు. ఆడి పాస్టరయ్య పోయి ఏడాదాయె. షెడ్డుకు తాళమేసి ఉన్నది. ఐతారం ఐతారం నువ్వు పోయి వాళ్లకు వాక్యం చదివి, పార్థన చేసి రావాలె. ఇగో చావి," అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఎన్ని రోజులు?" అని అడిగాను.

వెనకనుంచి ఎవరో అన్నారు: "హాజర్ అన్నంక అడుగుతడార ఎవడన్న?" మళ్లీ నవ్వులు. ఈసారి నేను నవ్వలేదు.

తరువాత శిక్షణ కోసం కీబోర్డు వాయించే కుర్రవాణ్ణి పిలిచారు. నా కన్నా రెండేళ్లు చిన్న. బట్టల దుకాణం వాళ్ల అబ్బాయి. గొంతు మంచిది, ఒప్పుకుంటాను. హాజర్ అంటూనే ఏడ్చాడు. అందరూ అతని తల మీద చేతులు పెట్టారు. చోటు చాలక నన్ను కాస్త పక్కకు జరగమన్నారు. ఆ రోజు చాపలు చుట్టినప్పుడు తొమ్మిదే ఉన్నాయా అని కూడా చూడలేదు.

మెట్లు దిగుతూ బాపుతో అన్నాను, ఇది అన్యాయమని. బాపు కాలువ పనిలో ఇరవై ఏళ్లు మట్టి తవ్వినవాడు. చెప్పులేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు: "ముకద్దం నన్ను ఏనాడన్న కుర్సీల కూసోవెట్టి పని చెప్పిండార? హాజర్ అన్నవ్ గదా. పో."

వెళ్లాను. సోమవారం నుంచి శనివారం దాకా ల్యాబు, ఆదివారం పొద్దున ప్యాసింజరు. ముద్ఖేడ్ జంక్షన్‌లో బండి ఆగితే ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. నేను ఒక నోటుపుస్తకంలో గడులు గీసుకున్నాను. తేదీ, బండి ఎంత ఆలస్యం, చదివిన వాక్యం, హాజరు.

కర్ఖేలిలో ఉన్నది రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక చాప, ఏడుగురు అవ్వలు. వయసులో ఉన్నవాళ్లంతా పనుల కోసం నాందేడ్‌కో నిజామాబాద్‌కో వెళ్లిపోయారు. అవ్వల్లో పెద్దామెకు చూపు సగమే. కానీ ప్రార్థనకు ముందు హాజరీ పిలిచేది ఆమే. మొదటి రోజు ఏడు పేర్లూ పిలిచి, ఎనిమిదోదిగా నా పేరు పిలిచింది. నేను పలకలేదు.

"ఎనిమిది మందిమి," అంది.

"ఏడుగురే అవ్వా. నేను చెప్పేవాణ్ణి. నన్ను కలపొద్దు."

"ఎందుకు బిడ్డా, నువ్వు మీదికెల్లి దిగినవా?"

మిగిలినవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను హాజరు గడిలో ఏడు అని రాశాను.

ప్రసంగాలు బాగా తయారు చేసుకుని వెళ్లేవాణ్ణి. ఒకసారి ల్యాబు సంగతి ఉదాహరణగా చెప్పాను. కాంక్రీటు దిమ్మెలను ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచుతామని, తరువాత యంత్రంలో పెట్టి, ఎంత బరువుకు పగులుతాయో చూస్తామని, దేవుడు కూడా మనల్ని అలాగే పరీక్షిస్తాడని. పెద్దవ్వ అంతా విని అడిగింది: "పగలగొట్టెదానికి గన్ని దినాలు నీళ్లల్ల ఎందుకు వెడ్తరు?"

"బలం తెలియడానికి."

"మేము కాలువకు తట్టలు మోసినం బిడ్డా. గవి ఎవ్వలు పగలగొట్టి చూడలే. ఇయ్యాలటికి నీళ్లు పోతున్నయ్. జర సాలు, వాక్యం చదువు."

వాళ్లకు నా ప్రసంగం అక్కర్లేదు. చదివితే చాలు, అదీ పుస్తకంలోని తెలుగు కాదు, వాళ్ల తెలుగులోకి మార్చి. ఆ తరువాత పనులు. మందుల పట్టీ మీద ఏది పొద్దున వేసుకోవాలో గీత పెట్టాలి. రేషన్ కార్డు కోసం మరాఠీలో అర్జీ రాయాలి. ఎవరి ఫోనో మాట్లాడటం లేదంటే చూడాలి. తలుపు దగ్గర ఎప్పుడూ ఒక అవ్వ కూర్చునేది. ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి. "నాకు వినవడది. నువ్వు సదువు, నేను నీ నోరు చూస్త," అనేది. మొదట్లో నాకది ఎగతాళిలా ఉండేది. నేను చదువుతున్నంతసేపూ ఆమె కళ్లు తిప్పదు. సగం మనసుతో చదివిన రోజున, చివర్లో నోరు మూసి, అడ్డంగా తల ఊపేది. ఎలా తెలిసేదో నాకు తెలియదు.

ఏడాది దాటింది. విధేయత చూపితే మనసులో చేదు పోతుందని మా హాలులో చాలామంది సాక్ష్యం చెబుతారు. నాకు పోలేదు. తిరుగు బండిలో ఫోను తెరిస్తే, హైదరాబాదులో పెద్ద వేదిక మీద పాడుతూ, వాక్యం చెబుతూ ఆ కుర్రవాడు కనిపించేవాడు. అతని వెనక తెర, రంగుల లైట్లు. నేను వీడియో మొత్తం చూసేవాణ్ణి. తప్పులు లెక్కపెట్టేవాణ్ణి. ఒకసారి పదమూడు దొరికాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ లెక్క తప్ప ఆ వారం నాకు వేరే ఆనందం లేదు.

ఒక శనివారం సాయంత్రం స్టేషను దగ్గర టీ తాగుతుంటే, మా సంఘంలోనే ఉండే ఆటో నడిపే అతను పక్కన కూర్చున్నాడు. మాటల్లో అన్నాడు: "నువ్వు గొప్పోడివిరా భాయ్. పెద్దయ్య నన్ను ముంగట్నే అడిగిండు, కర్ఖేలి పోతవా అని. ఐతారం గిరాకీ పోతది, నాతోని కాదన్న. ఇంక నలుగురిని గూడ అడిగిండు. ఎవ్వలు ఒప్పుకోలే. ఆఖరికి నువ్వు దొరికినవ్."

పద్ధతి ప్రకారం ఎవరినీ ముందుగా అడగకూడదు. అయిదుగురిని అడిగారు. నన్ను మాత్రం అడగలేదు.

నేరుగా పెద్దయ్య ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచానికి నవారు బిగిస్తున్నాడు. ఒక కొస నా చేతికిచ్చి లాగమన్నాడు. లాగుతూనే అడిగాను.

"అవును, అడిగిన," అన్నాడు.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు గూడ కాదంటుంటివి. హైదరాబాద్ అనుకోని లేస్తవని నాకెరుకే."

"అంటే మోసమే కదా పెద్దయ్యా."

చేతిలో నవారు వదల్లేదు. "మోసమే. నా సంగతి నేను దేవునికి జెప్పుకుంట. ఏడుగురు ముసలోళ్లకు తాళం తీసెటోడు లేడు, నాకు ఇంకో తోవ దొరకలే. నువ్వు చెప్పు. హాజర్ అని నాకోసం లేసినవా?"

"కాదు. హైదరాబాదు కోసం లేచాను."

ఏడు అంశాల నా కాగితంలో ఈ మాట లేదు. అది పూర్తిగా నిజం, నా నోటి నుంచి మొదటిసారి వచ్చింది.

"మంచిది. గదే మాట దేవునికి గూడ చెప్పు. లాగు, ఇంక వదులుగనే ఉన్నది."

మంచం బిగించి వచ్చేశాను. దేవునికి ఏమీ చెప్పలేదు. మరునాడు కర్ఖేలి వెళ్లలేదు. పై ఆదివారం వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. నా వాదన ఇది. మోసం చేసి పిలిచిన పిలుపు దేవుని పిలుపు కాదు. దేవుడు పిలవనప్పుడు నా హాజర్ చెల్లదు. చెల్లనిదాన్ని వెనక్కి తీసుకోవడం మాట తప్పడం కాదు. మూడు మెట్లు, మూడూ గట్టివే. ఇప్పటికీ అందులో తప్పు చూపలేను.

నాలుగో ఆదివారం వెళ్లింది మనసు మారి కాదు. షెడ్డు తాళంచెవి, నోటుపుస్తకం నా దగ్గరే ఉండిపోయాయి. ల్యాబులో పని వదిలేవాడు సామాను లెక్క అప్పగించి వెళతాడు. నేనూ అప్పగించి వచ్చేద్దామనుకున్నాను.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి అవ్వలు బయట ఉన్నారు. తాళం వేసిన తలుపు ముందు, గడప రాయి మీద కొందరు, నేల మీద కొందరు. రేకుల నీడ అప్పటికే గోడ మొదట్లోకి కుంచించుకుపోయింది. తాళంచెవి లేక వాళ్లు బయటే ఉండిపోతారని మూడు వారాల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మూడు ఆదివారాలూ వాళ్లు ఇలాగే వచ్చి, ఎండలో కూర్చుని, తమలో తామే ప్రార్థన చేసుకుని వెళ్లారు.

"తాళం పగలగొట్టాల్సింది కదా," అన్నాను. నా గొంతులో కోపం ఉంది. అది వాళ్ల మీద కాదు.

"ఎందుకు పగలగొడ్తం?" అంది పెద్దవ్వ. "హాజర్ అన్నోడు అస్తడు గదా. చావి నీ కాడనే ఉండె."

తలుపు దగ్గరి అవ్వ కనిపించలేదు. అడిగాను.

"బుధారం పోయింది. మొన్నటి ఐతారం గూడ గీ రాయి మీదనే కూసున్నది, తోవ దిక్కు చూసుకుంట."

ఇంకో అవ్వ అంది: "ఎండకు కాదు బిడ్డా. వయసుకు పోయింది."

ఆ సంగతి నేను అడగలేదు. వాళ్లంతట వాళ్లే చెప్పారు. అదే నాకు ఎక్కువ బాధ.

తాళం తీశాను. లోపల నెల రోజుల దుమ్ము. చీపురు నేనే పట్టుకున్నాను, చాప నేనే పరిచాను. ఊడుస్తూ దేవునికి చెప్పాను, హైదరాబాదు కోసం లేచానని. పెద్దయ్య మీద కోపం పోలేదు. వేదిక మీది కుర్రవాడి మీద అసూయ పోలేదు. అవి ఇవాళ్టికీ ఉన్నాయి, ముద్ఖేడ్‌లో బండి ఆగినప్పుడల్లా గుర్తొస్తాయి. పిలిచిన మనిషి చేసింది మోసమే. అయినా తాళంచెవి నా జేబులో ఉంది, తలుపు ముందు వాళ్లున్నారు. మూడు మెట్ల నా వాదనలో ఈ రెండిటికీ గడి లేదు.

అందరూ కూర్చున్నారు. పెద్దవ్వ హాజరీ మొదలుపెట్టింది. అలవాటుగా చనిపోయిన ఆమె పేరు కూడా పిలిచి, ఆగింది. "సరే," అని తనే ముందుకు సాగింది. చివర నా పేరు పిలిచింది. మూడు వారాలూ ఆ పేరు పిలిచి, రాలేదని వాళ్లే జవాబు చెప్పుకున్నారట.

నేను లేచి నిలబడ్డాను. హాజర్ అన్నాను. ఈసారి పనేమిటో నాకు తెలుసు.

అవ్వలు ఆరుగురు. నేను ఒకణ్ణి. నోటుపుస్తకం తెరిచి హాజరు గడిలో రాశాను: ఏడు.