విప్పని నాలుగు అక్షరాలు

మా ఇంగ్లిషు టీచరుగారు పోయిన నెలలో చనిపోయారు. గూడూరు బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టిన పది నిమిషాలకే కింద వరసగా ఆర్.ఐ.పి., ఆర్.ఐ.పి. అని పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లేనా వీళ్లు? ఒకప్పుడు ఎవరో పోతే మా క్లాసువాడొకడు ఇలాగే పెట్టాడు. టీచరుగారు వాడికి ఫోన్ చేసి మరీ అడిగారు. "పోయిన మనిషి కోసం మూడు మాటలు పూర్తిగా రాసే ఓపిక కూడా లేదా నాయనా?"

ఆవిడ రోజూ బందరు నుంచి బస్సులో వచ్చేవారు. పాఠంలోగానీ, గోడమీద నోటీసులోగానీ పొడి అక్షరాలు కనిపిస్తే చాలు, వాటి కింద చూపుడు వేలు పెట్టి మా మొహంలోకి చూస్తూ ఆగేవారు. విప్పి చెప్పేదాకా వేలు తీసేవారు కాదు. ఒకసారి "వి.ఆర్.వో. అంటే ఏంటి?" అని అడిగితే, "మా పక్కింటాయనేనండీ, తెల్ల బండి ఉంటది" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. ఆవిడా నవ్వారు. వేలు మాత్రం కదల్లేదు.

నా సంగతి ఇంకా అన్యాయం. నమూనా ఉత్తరంలో ఉంది కదా అని నా సెలవు చీటీ అడుగున పి.టి.ఓ. అని కూడా దించేశాను. ఆవిడ కాగితం తిప్పారు. వెనక ఖాళీ. మళ్లీ ముందుకు తిప్పి చూసి, మళ్లీ వెనక్కి తిప్పారు.

"తిప్పమన్నావు కదమ్మా, తిప్పాను. ఇక్కడేముంది?"

ఆ తర్వాత అర్థం తెలియని అక్షరం ఏదీ నేను రాయలేదు. రాయలేదనే అనుకున్నాను, మొన్నటిదాకా.

పొడి అక్షరాలంటే ఆవిడకేం పగ లేదు. రాడార్, లేజర్ కూడా అలా పుట్టిన మాటలేనని సంబరంగా బోర్డుమీద విడదీసి చూపించారు. "ముందు ఒకసారి విప్పి చూపించు. ఆ తర్వాత ఎన్నిసార్లయినా ముడెయ్యి. అసలు విప్పకుండా ముడేసినవాడు ఏదో దాస్తున్నట్టే" అనేవారు.

రిటైరయ్యాక కాగితాలు పట్టుకుని జనం బందరులో ఆవిడ ఇంటికే వచ్చేవారు. గాలివానకి ఇల్లు కూలిన దివిసీమ మనిషొకావిడ అలాగే వచ్చింది. సాయం జాబితాలో తన పేరు పక్కన ఎన్.ఈ. అని రాశారట. మంచిదేనేమో అనుకుని నాలుగు నెలలు ఆశగా కూర్చుంది. టీచరుగారు ఆమెని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లి ఆ రెండక్షరాల కింద వేలు పెట్టారు. "అది మా కోడ్ అండీ" అన్నాడు గుమస్తా. "ఇల్లు ఈవిడది కదండీ. ఈవిడకి అర్థమయ్యేలా చెప్పండి" అన్నారీవిడ. నసిగి నసిగి, "అర్హత లేదని" అన్నాడతను. "ఎందుకు లేదు?" అని ఆ మనిషి అప్పుడు అడగగలిగింది. గొంతెత్తి అడిగింది. మళ్లీ సర్వేకి వచ్చారు.

అలాంటి మనిషిని మేం ఎలా పోగొట్టుకున్నామో చెబుతాను.

ఆ రోజు పొద్దున ఊపిరాడక ఆవిడని బందరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. తెలిసి గుడివాడ నుంచి పరిగెత్తాను. మధ్యాహ్నానికి వాళ్లే చెప్పారు, ఐసీయూలో బెడ్ లేదు, విజయవాడ తీసుకెళ్లిపోండి అని. కౌంటరులో అతను ఒక కాగితం తోశాడు. పైన పెద్దగా ఎల్.ఏ.ఎం.ఏ. అని ఉంది. సంతకం పెట్టాల్సింది టీచరుగారి అక్క కొడుకు. ఆవిడని చూసుకుంటున్నది అతనే.

"ఇదేంటో చూడక్కా, ఇంగ్లిషు నీకొచ్చుగా" అన్నాడు.

"ఫార్మాలిటీ అండీ. త్వరగా పెట్టండి, అంబులెన్స్ వెయిటింగ్" అన్నాడు కౌంటరతను.

గుడివాడలో పిల్లలకి ఇంగ్లిషు చెప్పి బతుకుతున్నదాన్ని నేను. "పెట్టు బాబూ" అన్నాను. ఉయ్యూరు చేరకుండానే టీచరుగారు వెళ్లిపోయారు.

వారం తర్వాత మిగతా కాగితాలకోసం వెళ్లినప్పుడు కౌంటరతన్ని అడిగాను, అవేం అక్షరాలని. అతను తలెత్తకుండానే విప్పాడు. లెఫ్ట్ అగైన్‌స్ట్ మెడికల్ అడ్వైస్. డాక్టర్ల మాట కాదని తమంతట తామే వెళ్లిపోయారని. వెళ్లిపొమ్మన్నది మీరే కదయ్యా అంటే, "అందరికీ ఇలాగే రాస్తాం మేడమ్" అన్నాడు. బెడ్ లేదని ఒక్క ముక్క రాసివ్వమన్నాను. రాయలేదు. చచ్చిపోయిన మనిషి మీదకే తప్పు నెట్టడానికి వాళ్లకి నాలుగక్షరాలు సరిపోయాయి.

"వదిలెయ్యక్కా, ఖాలా తిరిగొస్తుందా?" అంటాడు అక్క కొడుకు. పిన్నిని అతను ఖాలా అనే పిలుస్తాడు. రాదు. అయినా ఆ నాలుగక్షరాలు కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయమని ఆసుపత్రికి ఉత్తరం పెట్టాను. జవాబు లేదు. మళ్లీ రాస్తాను. వాళ్లమీద కోపం ఎంతో, నామీద అంతకు మించి ఉంది. ఎందుకో ఆ అక్క కొడుక్కి కూడా ఇంతవరకు చెప్పలేదు. ఆ రోజు అంబులెన్సులో అతను డ్రైవరు పక్కన కూర్చున్నాడు, చూడలేదు.

అంబులెన్సు గూడూరు బడి ముందునుంచి వెళ్తోంది. నా ఒళ్లో ఉన్న ఫైలు చూసి, ఇటివ్వమన్నట్టు టీచరుగారు చెయ్యి చాపారు. ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు, మాట్లాడలేరు. పైకాగితం చూశారు. ఆ నాలుగక్షరాల కింద చూపుడు వేలు పెట్టి, నా మొహంలోకి చూస్తూ ఆగారు.

"ఏం లేదు టీచరుగారూ, ఫార్మాలిటీ" అన్నాను.

పామర్రు దాటినా ఆ వేలు తియ్యలేదు.