పేరు లేని పిడికెడు

ఆమె పుస్తకాన్ని తెలుగు చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆమెది ఎక్కడో దూరదేశం. తన జాతివాళ్లను ఊళ్లకు ఊళ్లే నరికేస్తుంటే, తొమ్మిదేళ్ల పిల్లగా జొన్నచేలో దాక్కుని బతికింది. పెద్దయ్యాక అదంతా రాసింది, కోర్టులో సాక్ష్యం చెప్పింది, ఇప్పుడు అలాంటి బాధితులు ఎక్కడున్నా వాళ్ల పక్షాన నిలబడుతోంది. కరీంనగర్‌లో సభకు వచ్చి, పెద్దపల్లిలో మా ఇంట్లో రెండు రోజులు ఉంది.

ఆమె దగ్గర పోయినవాళ్ల మాట ఎత్తొద్దని అవ్వకు ముందే గట్టిగా చెప్పాను. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. నా బుద్ధికి అదే మర్యాద అనిపించింది. తీరా చూస్తే ఆమె వచ్చిన మర్నాడే పెత్రమాస, పెద్దల అమావాస్య. ఆ రోజు మా వైపు పెద్దలకు బియ్యమిస్తాం. అయ్యగారు పోయినవాళ్ల పేర్లు పలుకుతుంటే పేరుకో పిడికెడు విస్తరిలో వేస్తాం. ఏ తిథిన పోయారో తెలియనివాళ్లకు కూడా ఆ రోజే.

నేను బాపు పేరున, తాతల పేరున ఇచ్చి లేచాను. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి అదే పీట మీద కూర్చోబెట్టింది.

"ఈమె వాళ్లకు ఎవలిచ్చిండ్రు బియ్యం? అడుగు జర."

నాకు ఒళ్లు మండింది. పళ్లు కొరుకుతూనే అడిగాను. ఆమె చాటలోని బియ్యం వైపు చూసి, ఎవరూ ఇవ్వలేదంది.

అయ్యగారు గోత్రం అడిగారు.

"మా గోత్రమే చెప్పుండ్రి. మా ఇంట్ల ఉన్నది గద," అన్నది అవ్వ.

మాకు మూడు తరాల పేర్లతో అయిపోతుంది. ఆమె మాత్రం పేర్లు చెబుతూనే పోయింది. తల్లి, తండ్రి, అన్నలు, మేనత్తలు, పక్కింటివాళ్లు, బడిలో తన పక్కన కూర్చునే పిల్ల. అవన్నీ నా చేత్తో తెలుగులో రాసిన పేర్లే. రాసేటప్పుడు అక్షరదోషాలు వెతికానే గాని, ఒక్కొక్కరూ ఒక్కో పిడికెడని నాకు తోచనే లేదు. నోరు తిరగకపోయినా అయ్యగారు ఒక్క పేరూ వదలలేదు. చాట ఖాళీ అయితే అవ్వ డబ్బాలోంచి మళ్లీ పోసింది. బియ్యం విస్తరి దాటి నేల మీదికి పారింది. ఇంతమందిని లోపల మోసుకుంటూ ఈమె నిన్న మా ఇంట్లో నవ్వుతూ చాయ్ తాగింది కదా అనుకున్నాను.

చివరికి ఆమె పిడికిలి నింపి అలాగే ఆగిపోయింది. తనకు పది రోజుల చెల్లెలు ఉండేదట. ఇంకా పేరు పెట్టలేదు. పేరు లేదని కోర్టు జాబితాలోకి ఎక్కించుకోలేదు. తన పుస్తకంలో కూడా ఆ పిల్లను ఎలా రాయాలో తెలియక వదిలేసిందట. ఇదంతా తెలుగులో అవ్వకు చెప్పాను.

"ఇరవై ఒకటో దినం దనుక మా దిక్కు సుత పేరుండదు బిడ్డా," అన్నది అవ్వ. "పేరు లేకుంటే ఆకలుండదా? ఎయ్యి."

ఆమె పిడికిలి విప్పింది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

ఇది జరిగి నాలుగేళ్లు. కిందటి పెత్రమాసకు నేను బాపు పేరుతో మొదలుపెట్టబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. ముందుగాల గా చిన్నదానికెయ్యి. మీ బాపు పెద్దోడు, జరసేపు ఆగుతడు."