మా అత్తగారింట్లో కోడి పురుడు

మా అత్తగారింట్లో గుడ్డు అనే మాట పలకకూడదు. చింతామణి బజారులో తరతరాలుగా బెల్లం, చింతపండు, కందిపప్పు అమ్ముకునే శెట్ల ఇల్లు అది. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. చిన్నప్పుడు శాలె పుస్తకంలో కోడి బొమ్మ వస్తే మా అత్త ఆ పేజీ తిప్పేసి తరువాతి పాఠం చదివించేదని మా ఆయన చెప్పేవాడు. అట్లాంటి ఇంట్లో జరిగిన మొట్టమొదటి ఆడబిడ్డ పురుడు ఒక కోడిది.

డెబ్బైల చివరి మాట ఇది. నాకప్పుడు ఏడో నెల. నేను బాగేపల్లి పిల్లను. మావాళ్ళలో మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. సీమంతం కాగానే తల్లి వచ్చి కూతురిని పిలుచుకొని పోతుంది, బిడ్డకు ఐదో నెల వచ్చాక ఊయలలో వేయడానికి అత్తింటికి పంపుతుంది. నాకు తల్లి లేదు. పెళ్ళికి ముందే పోయింది. పుట్టింట్లో ఉన్నది నాన్న, అన్న, వదిన. వదినకు చంకలో ఒకడు, కొంగు పట్టుకొని ఒకడు, వీళ్ళిద్దరికీ తోడు నడుంనొప్పి. సీమంతానికి వచ్చి గాజులు తొడిగి, నా ముఖం చూడకుండా, "వచ్చే నెల చూద్దాంలేమ్మా" అని బస్సెక్కింది. నాన్న సంతరోజుల్లో చింతామణికి వచ్చి, మా ఇంట్లో ఒక లోటా మజ్జిగ తాగి, ఆయనా "చూద్దాంలే తల్లీ" అనేవాడు. ఆ చూద్దాం అనే మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. బిడ్డ ఏమైనా చూద్దామని ఆగుతుందా? నేనెక్కడ కనాలి, నన్నెవరు చూసుకుంటారు, అదొక్కటే రేయింబవళ్ళు నా బుర్రలో తిరిగేది.

అత్తనే అడగొచ్చు కదా అంటారేమో. మీరు మా అత్తను చూడలేదు. ఆచారం దగ్గర ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేరుగా అడిగే ధైర్యం లేక ఎలుక మీదా పిల్లి మీదా పెట్టి అడిగి చూశాను.

"బాగేపల్లి రోడ్డులో గతుకులు ఎక్కువంట అత్తా, ఈ నెలల్లో బస్సులో పోకూడదంటారు" అన్నాను ఒకరోజు.

"కింద దిండేసుకో" అనింది, ఉప్పు చల్లిన మామిడి ముక్కలు తిరగేస్తూ.

అంతటితో నా రాయబారం ముగిసింది.

అట్లాంటి రోజుల్లోనే ఆమె అటక మీది నుంచి ఊయల, తన మాటలో తొట్ల, దింపించింది. మా ఆయన, ఇద్దరు మరుదులు అందులోనే పెరిగారు. చెక్కకు పురుగు పట్టిందేమో చూడాలని చెప్పి వెనక వసారాలో నేల మీద పెట్టించి, అందులో మెత్తబడిన తన పాత నూలు చీరలు మడత వేసింది. బిడ్డ ఐదో నెలకు గానీ రాడు కదా, ఇప్పుడే ఇదెందుకు అని నాకు అనిపించింది. అడగలేదు.

మా పెరటి గోడ అవతల ఒక రెడ్డెమ్మ ఉండేది. పల్లెలో చేను, ఊళ్ళో ఇల్లు ఉన్న మనిషి. మా అత్త ఆమెను రెడ్డెమ్మా అనీ, ఆమె మా అత్తను శెట్టెమ్మా అనీ పిలుచుకునేవారు. వాళ్ళింటి నిండా కోళ్ళే. వాటిలో ఒక నల్లపెట్ట ఉండేది. మెడ దగ్గర ఈకలు ఎప్పుడూ నిక్కబొడుచుకొని, ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టు అందరినీ ఒంటికంటితో చూసేది. అది గోడ దూకి మా పెరట్లోకి రావడం, మా అత్త "ఉష్" అని పొరక ఎత్తడం రోజూ ఉండేదే.

ఒక పొద్దున ఊయలలోంచి చీర ఒకటి తీద్దామని మా అత్త చెయ్యి పెట్టింది. వెంటనే కేక పెట్టింది. నేను నా పొట్ట పట్టుకొని పరుగెత్తాను. ఊయలలో నల్లపెట్ట ఒళ్ళంతా ఉబ్బించుకొని, చీరల మధ్యన దిగబడి కూర్చొని, గొంతులో ఏదో గొణుగుతోంది. కింద గుడ్లు. ఎన్నాళ్ళుగా దొంగచాటుగా పెడుతోందో, బోలెడు గుడ్లు. మా అత్త వేలికి రక్తం.

గోడ మీది నుంచి రెడ్డెమ్మ తల పెట్టి చూసింది. "అయ్యో, ఇది యాడ చచ్చిందో అని ఊరంతా ఎతుకుతాండాను! పొదుగుకు కూర్చునేసిండాది శెట్టెమ్మా. ఏమీ లేదు, ముక్కులో ఒక ఈక గుచ్చి, నీళ్ళలో ముంచి తీస్తే పొదుగు మరిచిపోతాది. ఇట్ల అందియ్యండి."

మా అత్త ఊయల వైపు చూసింది. తరువాత నా పొట్ట వైపు చూసింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే గూడు చెరపకూడదు, పొదిగే ప్రాణిని లేపకూడదు. ఆ నెలల్లో గోడకు కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడును కూడా ఆమె రాలగొట్టనిచ్చేది కాదు. కోడి ఎంత అంటరానిదైనా, ఆ ఆచారం కూడా ఆచారమే కదా.

"ఈడ గుచ్చేదీ లేదు, ముంచేదీ లేదు" అనింది చివరికి. "మా ఇంట్లో నిండు మనిషి ఉండాది. పిల్లలు లేచేదాకా అది ఈడనే ఉంటాది."

"తొట్లలోనా?"

"తొట్లలో ఎక్కిన దాన్ని దింపుతామా?"

మొదటి రెండు రోజులు దాన్ని 'ఆ పీడ' అనింది. మూడో రోజుకు 'ఆ పెట్ట' అయింది. వారం తిరక్కుండానే "పాపం, బిడ్డ నీళ్ళు తాగిందో లేదో చూడు" అని నన్ను పంపించింది. వసారా గుమ్మానికి వేపాకు కట్టింది. దిష్టి తగలకుండా ఊయల కింద ఇనుప మేకు, బొగ్గు ముక్క పెట్టింది. సాయంత్రం సాంబ్రాణి వేసింది. ఆ పొగకు కోడి తుమ్మింది. కోడి తుమ్మడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, తరువాతా వినలేదు.

ఇక తిండి. రెడ్డెమ్మ నూకలు చల్లమంది. మా అత్త వింటుందా? నానబెట్టిన రాగులు, బెల్లం కలిపిన వేరుశనగ పొడి, సబ్బసిగాకు వేసిన మెత్తటి అన్నం. సబ్బసిగాకు తింటే బాలింతకు పాలు పడతాయి.

"అత్తా, కోడి పాలియ్యదు" అన్నాను.

"నీకు అన్నీ తెలుసులే" అనింది.

ఇంట్లో మగవాళ్ళ తిప్పలు చెప్పడానికి లేదు. బచ్చలిల్లు వసారా చివర ఉండేది. స్నానానికి పోవాలంటే ఊయల పక్కగానే పోవాలి. బజారులో నలుగురిని గదమాయించే మా మామ ఒకసారి పిక్క మీద పొడిపించుకున్నాక, గొడుగు తెరిచి అడ్డం పెట్టుకొని స్నానానికి పోయేవాడు. ఎండ లేదు, వాన లేదు, ఇంటి లోపల, తువ్వాలు కట్టుకొని, గొడుగు. పొద్దునే ఆ దృశ్యం చూసి నేను నవ్వితే కడుపులో బిడ్డ కూడా తన్నేది. కోడి రోజుకొక్కసారి దిగి, తిని, తాగి, ఒక్కటే పెద్ద రెట్ట వేసి మళ్ళీ ఎక్కేది. ఆ వాసనకు వసారాలో ఆరబెట్టిన మా మామ పట్టుపంచె మరో వసారా వెతుక్కుంది.

మా ఆయన అమాయకంగా ఇరుక్కున్నాడు. ఒకరోజు ఊయల దగ్గర వంగి చూసి, "ఒకటి మురిగినట్టుండాది అమ్మా, వాసన తెలస్తాంది" అన్నాడు.

"మురిగినదాని వాసన నీకెట్ల తెలుసు?" అనింది మా అత్త.

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. బస్టాండు పక్కన కోడికూర, గుడ్లట్టు అమ్మే మిలిటరీ హోటలు ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. అంగడి తాళాలు తీసుకొని ఆయన మాయమయ్యాడు. ఆ పూట ఆయనకు మజ్జిగలో ఉప్పు పడలేదు.

పిల్లలు లేచింది ఒక పొద్దున. పెంకులు చిట్లడం మొదలైందని తెలియగానే మా అత్త అంగడి మూయించినంత పని చేసింది. మగవాళ్ళను వసారాలోకి రానివ్వలేదు. పురిటింటి ముందర మగవాళ్ళకేం పని? మా మామ పూజగదిలో దీపం పెట్టబోయి ఆగిపోయాడు.

"ఏమే, మనకిప్పుడు అంటు ఉంటాదా?"

ఆ ప్రశ్నకు నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. మా అత్త మాత్రం నవ్వలేదు. పురోహితుడిని పిలిపించారు. ఆయన విషయమంతా విని, ఊయలను, మామను, మామ చేతిలో గొడుగును చూసి, చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"శాస్త్రంలో కోడిమాట లేదప్పా. అడిగినారు కాబట్టి ఒక స్నానం చేసేయండి. చేస్తే పోయేదేముండాది?"

మళ్ళీ స్నానమంటే మళ్ళీ ఊయల పక్కగా పోవాలి. మామ ముఖం చూడాల్సింది!

మరుసటి రోజు రెడ్డెమ్మ గంప తీసుకొని వచ్చింది. పసుపుముద్దల్లాంటి పిల్లలు నల్లపెట్ట రెక్కల కింద నుంచి తలలు బయట పెట్టి చూస్తున్నాయి.

"కోడినీ పిల్లల్నీ ఏసుకొని పోతాను శెట్టెమ్మా. మీకు శాన కష్టం ఇచ్చింది."

"ఇంకా పురుడు కాలేదు. పదకొండో దినం కానీ."

"కోడికి పురుడేంది తల్లీ! కోడి నాది, గుడ్లు నావి."

"తొట్ల నాది, చీరలు నావి."

రెడ్డెమ్మకు రోషం వచ్చింది. గంప నేలకేసి కొట్టింది. "ఆచారమంటే ముందుంటారు కదా మీరు? మొదటి కాన్పు పుట్టింట్లోనే చెయ్యల్ల అని ఊరంతా చెప్తాంటారు. దీని పుట్టిల్లు ఇదో, ఈ గంప. పెట్టుకునేదానికి మీరెవరమ్మా?"

నా నవ్వు ఆగిపోయింది. నేను గుమ్మం పట్టుకొని నిలబడ్డాను. కోడి సంగతి నాకు గుర్తు లేదు. మా అత్త ఏమంటుందో, ఆ ఒక్కమాట కోసం నా ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది.

మా అత్త ఊయలలో చీర అంచు సర్దింది. ఆశ్చర్యం, కోడి ఈసారి పొడవలేదు.

"పుట్టింట్లో చూసుకునేటోళ్ళు ఉంటే ఇది ఈడికెందుకొస్తాది?" అనింది. "నువ్వు ముక్కులో ఈక గుచ్చుతానంటివి. దానికి యాడ ధైర్యముంటే ఆడ కూర్చునింది. నమ్మి ఉండేదాన్ని, ఆచారం, పుట్టింటికి పో అనేదానికి నాకు నోరు రాదు."

అని నా వైపు తిరిగింది. బస్సులో దిండేసుకోమన్న నోరు అదే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అందరి ముందర, కోడి ముందర కూడా, బావురుమని ఏడ్చాను. రెడ్డెమ్మ కంగారుపడి, "అయ్యో పాపా, పెట్టుకోండమ్మా, నెల్లాళ్ళు పెట్టుకోండి, నేనేమంటిని ఇప్పుడు?" అని గంప ఎత్తుకొని గోడ చుట్టూ తిరిగిపోవడం మరిచి, గోడ ఎక్కబోయింది.

పదకొండో రోజున పురుడు జరిగింది. గంపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, అడుగున ఒడిబియ్యం పోసి, ఊయలలోని చీర ఒకటి పరిచి, దాని మీద నల్లపెట్టను పిల్లలతో సహా కూర్చోబెట్టారు. కన్నీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఒడిబియ్యాన్ని అది అక్కడికక్కడే తినడం మొదలుపెట్టింది. ఆ పిల్లల తరువాతి చరిత్ర మా అత్త ఎప్పుడూ అడగలేదు, రెడ్డెమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే మా నాన్న వచ్చాడు. కోడికి హారతి ఇస్తున్న వియ్యపురాలిని చూసి, తప్పుడు ఇంటికి వచ్చానేమోనని గడప దగ్గరే ఆగిపోయాడు.

"రా అన్నా, మజ్జిగ తాగు" అనింది మా అత్త. లోటా చేతికిచ్చి, ఆయన చూద్దాం అనే లోపలే, "మీ బిడ్డ యాడికీ రాదు. తొట్ల ఈడనే ఉండాది" అనింది.

నాన్న లోటా ఎత్తి చాలాసేపు దించలేదు. అంత మజ్జిగ అందులో లేదని నాకు తెలుసు.

ఆయన పోయాక మా అత్త పెరట్లో ఊయల కడగడానికి కూర్చుంది. కుంకుడుకాయ నురగలో నల్ల ఈకలు తేలుతున్నాయి. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ, ఉండబట్టలేక అడిగాను.

"ఈ మాట ముందే చెప్పుంటే నేనింత ఏడ్చేదాన్ని కాదు కదత్తా?"

ఆమె చెక్క రుద్దుతూనే ఉంది. "ముగ్గురూ మగపిల్లోళ్ళే నాకు. ఆడబిడ్డకు పురుడు చేసింది యాడ? పత్తెమో, నీళ్ళు పోసేదో, ఏది తప్పు చేస్తానో అని గుండెలో దడ. తల్లి లేని పిల్లవి, నీకేమన్నా అయితే మీ నాయనకు ఏం చెప్పల్ల? అందుకే నోరెత్తలేదు."

తరువాత ఊయల బోర్లించి, తడిచేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకొని లేచింది.

"ఇప్పుడు భయం లేదులే. కోడితో చెయ్యి తిరిగింది."