పీటీ మేడమ్ మొదటి ఆట

చింతామణిలో మా షటిల్ క్లబ్బుకి ఒక ఆచారం ఉంది. కొత్తగా ఎవరు చేరినా మొదటి ఆట మేమే కావాలని ఓడిపోయి, తరువాత వాళ్లకి పూలమాల వేస్తాం. బట్లహళ్ళి స్కూల్లో పీటీ మేడమ్‌గా రిటైరైన ఆవిడ చేరిన రోజు, ఓడిపోయే పనికి నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నేను గెలిచిన ఎన్నిక అదొక్కటే.

ప్రతి సర్వీసుకీ ముందు ఆవిడ షటిల్ ఈకల మీద మెల్లగా ఊదేవారు. నేను ఉదారంగా వదిలేస్తూ పోయాను. ఆట అయ్యాక మా అధ్యక్షుడు మాల తెస్తే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"యాలప్పా అన్నీ వదిలేస్తాండావు? నేనేమన్నా మీ ఇంటికొచ్చిన చుట్టాన్నా? సరిగ్గా ఆడు. లేదంటే నాకీ మాలా వద్దు, మీ క్లబ్బూ వద్దు."

"ఆడప్పా, క్లబ్బు పరువు పోతాది!" అని మావాళ్లు అరిచారు.

రెండో ఆటలో ఒళ్లు దాచుకోలేదు. పడ్డాను, లేచాను, మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ మాత్రం కోర్టు నడుమ నిలబడి, మణికట్టు తిప్పుతూ నన్ను ఆ మూలకీ ఈ మూలకీ పరుగెత్తించారు. అరవై దాటిన ఆ చేతిని చూస్తూ, ఒకసారి షటిల్ కొట్టడమే మరిచిపోయాను.

చివరికి నిజంగానే ఓడిపోయి, ఒగరుస్తూ నేల మీద కూలబడ్డాను. ఆవిడ వచ్చి చెయ్యి అందించి లేపారు.

"ఇప్పుడు వెయ్యమనప్పా మాల," అని తల వంచారు.